మనిషికి మూరెడు

పోయేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు దుంగలు.
గ్రిజెల్ ఓడకు తెలిసిన వ్యాపారం అంతే.
దానికి వడ్రంగిగా పదకొండేళ్ళు చేశాను.
ఇప్పుడది తెరచాపలు ఊడదీసిన బొగ్గుకొట్టు,
గ్రీనక్‌లో ఏ కుర్రాణ్ణడిగినా చూపిస్తాడు.

ఏటా ఏప్రిల్లో కెప్టెన్ ముంగాల్
అడుగు అంతస్తులోకి దిగి, కర్రతో నేల తట్టి
"మనిషికి మూరెడు. పిల్లలైతే ఇద్దరికి" అనేవాడు.
చిత్రిక పట్టని పైన్ చెక్కలతో
రెండు వరసల పడకలు కొట్టేవాణ్ణి.
మేకులు సగమే దించేవాణ్ణి,
ఆరు వారాల్లో పీకేసేవేగా.

ఆ ఏడు లాక్ బ్రూమ్‌లో నూట అరవై మంది ఎక్కారు.
వాళ్ళ గేలిక్ నాకు రాదు.
అబ్బింది ఒక్క మాట, ఊష్కె. నీళ్ళు.
మూడోవారానికి పీపాలు పచ్చబడ్డాయి,
చీకట్లో ఎటు నడిచినా అదే మాట కాళ్ళకి తగిలేది.

గ్రిజెల్‌కి కీళ్ళ నొప్పులు.
గాలి తిరిగిందంటే ప్రతి పలకా పక్క పలకతో తగువు పడేది.
తారు ముంచిన నార సందుల్లో కూరుతూ నేను,
వంతులేసుకుని పంపు కొడుతూ వాళ్ళ మగాళ్ళు,
బెత్తెడు చెక్కకు అవతల సముద్రం.

ఊనా మెకాస్కిల్ అని ఒకావిడ
విత్తనాల బార్లీ మూటను ఒళ్ళోంచి దించేది కాదు.
మూట తడవలేదు. బిడ్డ తడిసింది.

ఇరవై రెండో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి
రెండు చేతులూ చాచి కొలత చూపింది.
కాస్త దగ్గరికి జరిపింది.
మళ్ళీ దూరం చేసింది, చోటు చాలదేమోనని.

వేరే చెక్క లేదు.
వాళ్ళ పడకలోంచే ఒకటి పీకాను.
ఆ ఒక్కదానికి చిత్రిక పట్టాను,
చెయ్యి జారేంత నున్నగా.
తర్వాత బరమా తీసుకుని
పక్కల్లో ఆరు చిల్లులు తొలిచాను.
నీళ్ళు రాకుండా సందులు మూసే చేతులే,
మునగాలని తొలిచాయి.
ఎందుకని ఆవిడ అడగలేదు.
అడిగినా నాకు తెలిసిన మాట ఒక్కటే కదా.

పిక్టూలో దిగారు. మూట నెత్తిన పెట్టుకుని
అడవి మొదలయ్యే వైపు నడిచిందావిడ.
ఆ పూటే పడకలు పీకేశాం.
ముక్కు పక్క తలుపు తెరిచి గుర్రాలతో దుంగలు లాగించాం.
"దుంగలు నయం, నీళ్ళడగవు" అన్నాడు ముంగాల్.
మనుషుల వాసన మీద జిగురు వాసన పరుచుకుంది.

తిరిగొచ్చాక సరంజామా లెక్క.
మేకులు సరిపోయాయి.
చెక్కల్లో ఒకటి తగ్గింది.
తొమ్మిది పెన్నీలు, నా జీతంలోంచి.
సంతకం పెట్టాను.