ఏడు దినాలు

ఉరవకొండ గోడౌన్‌లో నాలుగో నంబరు నెట్టు.
మూడు వందల అరవై మూటల పప్పుశనగ,
రేటు లేక రెండేండ్లుగా పండుకున్న పంట.

గోనెకు చెవి ఆనిస్తే వినపడ్తాది,
చీకట్లో ఎవరో పండ్లు లేని నోటితో
బొరుగులు నములుతున్నట్టు.
చెయ్యి పెడితే ఎచ్చగా
జరమొచ్చిన బిడ్డ నొసలు మాదిరి.
దోసిట్లోకి తీసుకుంటే
గింజ గింజకూ ఒక కిటికీ.
కంసాలి కూడా అంత గుండ్రంగా తొలచలేడు.

తార్పాలిన్ దించినాము.
అంచుల మీద ఇసుక పాములు పరిచినాము,
గుడ్డ గొట్టాల్లో పెన్న ఇసుక,
ఒకదాని తోకను ఇంకోదాని తల తొక్కేటట్టు.
"సందుంటే పొయ్యేది గ్యాసు కాదురా, పానం"
పని నేర్పిన దస్తగిరన్న మాట అది.
మాత్రలు లెక్కపెట్టి తట్టల్లో పెట్టి
లోపలికి తోసి,
ఎనక్కి చూడకుండా బయటికొచ్చి తాళమేసినా.
కపాలం బొమ్మ కింద సుద్దముక్కతో రాసినా:
ఏడు దినాలు.

ఆ రాత్రి మారెక్క చొక్కా వాసన చూసి
"తెల్లగడ్డ కారం యాడ తిన్యావు?" అనింది.
చొక్కా బయట దండెం మీదికి పాయ.

నాలుగో దినం వాన.
చిత్త కార్తె ఇంగ లేదనుకున్నప్పుడు
మరిచిపోయిన అప్పు తీర్చినట్టు కురిసింది.
సందేళకు ఓబులేసు, తువ్వాల పిండుకుంటా:
"రేగడి పదునైంది. నా ఇత్తనం మూటలు నాలుగు ఇప్పీ."
ఇప్పలేనంటి.
"పదును నీ ఏడు దినాలకు ఆగుతాదా?"
ఆగదు.
తలుపుకు దూరంగా
ఇద్దరమూ కూచున్నాము, బీడీ ముట్టించకుండా.

శానాసేపటికి అడిగినాడు:
"పురుగు సస్తాది సరే. మొలక?"

మా అవ్వయితే బూడిద కలిపేది,
ఎర్రమన్ను పూసేది,
కుండ మూతి మీద జానెడు ఇసుక పోసేది.
కుండెడు ఇత్తనానికి చాలిన యిద్య.
ఇన్ని మూటలకు బూడిద కావాలంటే
ఊరినే కాల్చాల.

"సావదంటారు" అంటి.
"అంటారు" అన్నాడు,
ఆ ఒక్క మాటనే పట్టుకొని.

ఎనిమిదో పొద్దున తలుపులు బార్లా తెరిచి
గాలి ఆడనిచ్చి
మీటరు సున్నా చూపినాక లోపలికి పోతే
కాళ్ళ కింద పురుగులు
వేయించిన నువ్వులు ఒలికినట్టు.
ఓబులేసు మూటలెత్తుకున్నాడు.
"తడిగుడ్డలో నూరు గింజలు కట్టి చూడప్పా,
మూడు దినాలు చూసినాక ఇత్తు" అని చెప్పి పంపినా.

నాలుగో నాడు ఫోను చేసినాడు.
"నూటికి ఎనభై రెండు మొలిచినాయి.
పిల్లోల్లు లెక్కపెట్టినారు."
"మిగిలినవి?"
"అవి నీ గ్యాసు కంటే ముందే
పురుగు వంతుకు పోయినాయిలే."

"సరే, ఇంగ గొర్రు కట్టు" అంటి.

కొంచేపు ఫోన్లో గాలి మోత.

"ఇత్తి మూడు దినాలాయ."