ఊపిరి లెక్క

గాలికి గుమ్మం ఒక్కటే ఉంటే నా పని సులువు.
పంకా ముందు పరికరం పెట్టి
ఇంత వచ్చింది, ఇంత పోయింది అని రాసుకుని
పొద్దుగూకేలోపు ఇల్లు చేరేదాన్ని.

వోప్కె కొట్టానికి గోడలు లేవు.
మోకాలెత్తు కాంక్రీటు, ఆపైన వల,
వల మీద పైకీ కిందికీ జరిగే తెర.
ఫ్రీస్‌లాండ్ గాలి
సముద్రపు కట్ట దాటి, గడ్డి మీద దొర్లి
అడక్కుండా ఒక పక్క దూరి
చెప్పకుండా మరో పక్కకి పోతుంది.
కొంత, కప్పు నడినెత్తిన చీలికలోంచి.

ఏడాదికి ఆరుసార్లు వస్తాను,
వచ్చినప్పుడల్లా ఒక పగలూ ఒక రాత్రీ.
ఇది నాలుగోది.
నిచ్చెనెక్కి తెల్ల గొట్టాలు కడుతుంటే
ఆవులు వచ్చి నిచ్చెన కాళ్ళు నాకాయి.
వోప్కె మాత్రం పాలగది తలుపు వదల్లేదు.
"మళ్ళీ వచ్చావా, వాసన కొలిచే పిల్లా?"
నాకు నలభై ఆరేళ్ళు.

వాసన కాదు, వోప్కె.
చీలికల నేల కింద పేడా ఉచ్చా కలిసిన చోట పుట్టి
కళ్ళలో పొడిచేది ఒకటి.
నెమరుకీ నెమరుకీ మధ్య త్రేన్పులో
వాసనైనా లేకుండా జారుకునేది ఇంకొకటి.
అవెంతో చెప్పమంటున్నారు.
అడిగేది నేను కాదు.
గేటు తీసుకుని వచ్చేది మాత్రం నేనే.

గుప్పిట్లో నిలవని గాలిని కొలవడానికి
ఒక దొడ్డిదారి ఉంది: ఆవునే అడగడం.
దాని బరువెంత, పాలెన్ని, కడుపుతో ఎన్ని రోజులు.
ఈ మూడూ చెబితే
గంటకి ఎంత బొగ్గుపులుసు గాలి వదులుతుందో తేలుతుంది.
ఆ ఊపిరి కొట్టంలో ఎంత పలచబడితే
అంత గాలి వచ్చి పోయినట్టు.
చప్పబడ్డ చారు నాలిక మీద వేసుకుని
ఎవరెన్ని నీళ్ళు కలిపారో చెప్పినట్టు.

మధ్యాహ్నం గాలి నైరుతికి తిరిగింది.
బయట కట్టిన గొట్టంలో అంకె లేచింది.
"అది రైండర్ వాళ్ళది, మాది కాదు, రాసుకో!"
రాసుకున్నాను. అది తీసివేతలోకి పోతుంది.
నా లెక్క ఆయనకి నచ్చడం అదే మొదలు.

రాత్రి రెండు దాటాక గాలి పడిపోయింది.
తెర ఉలకదు. తెర మీది అంకెలు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి.
ఎక్కువైంది వాయువు కాదు, తక్కువైంది గాలి.
ఈ మాట ఎన్ని నివేదికల్లో రాశానో,
ఎవరూ అక్కడిదాకా చదవరు.

అప్పుడు మూలిగింది
చివరి గదిలో, గడ్డి పరుపు మీద, సీట్స్కె.
వోప్కె మోచేతులదాకా సబ్బు పూసుకుని వచ్చాడు.
ఏమీ అనకుండా తాడు కొస నా చేతికిచ్చాడు.
లాగమన్నప్పుడు లాగాను, ఆగమన్నప్పుడు ఆగాను.
మూడూ ఇరవైకి దూడ జారింది.
ఊపిరి తియ్యలేదు.

గడ్డిపరక తీసి దాని ముక్కులో పొడిచాడు.
మళ్ళీ పొడిచాడు.
ఆ నిమిషంలో కొట్టంలో ఎవరం గాలి వదల్లేదు,
పరికరం ఒప్పుకోదు గానీ.

తుమ్మింది.

లాప్‌టాప్ ముందు కూర్చున్నాను, చేతులు ఇంకా జిగురు.
సీట్స్కె: కడుపుతో రెండొందల ఎనభై ఒక్క రోజులు.
చెరిపి సున్నా వేశాను.
పాల గడి ఖాళీగా ఉంచాను, జున్నుపాలు ఇంకా పితకలేదు.
దూడకి గడే లేదు.

"దాని ఊపిరి రాయవా?"
"రాస్తే దశాంశం తర్వాత ఎక్కడో పడుతుంది."
"మరి మనిద్దరిదీ?"
మనిద్దరికీ కూడా గడి లేదు, వోప్కె.

కాఫీ పోశాడు. ఉక్కగా ఉంది, తెర దించనా అన్నాడు.
ఇన్నిసార్లు వచ్చినా ఆయన నన్నడిగిన మొదటి అనుమతి.
"నేను లేకపోతే ఏం చేసేవాడివో అదే చెయ్యి."

కాసేపు ఆలోచించాడు.
"నువ్వు లేకపోతే ఆ తాడు నా నడుముకి కట్టుకునేవాణ్ణి"
అని, హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పాడు.

టైము రాసుకున్నాను.
మూడూ యాభై ఒకటి. తెర తెరిచారు.
గాలి ఇంకా రాలేదు.