పావు చుట్టు

సల్మాబాద్‌లో ఆగస్టు.
బయట గాలిని పిండితే బిందెడు నీళ్లొస్తాయి.
లోపల, మా ఆరుగురి గదిలో,
ఏసీ రాత్రీ పగలూ తిరిగి
నిద్రలేచేసరికి పెదాలు పగిలి ఉంటాయి.

ఆ రెంటి మధ్యా, మంచం కింద, బేస్ గిటారు.

లావు తీగ మూడు రోజుల్నించి జీరాడుతోంది.
ఎత్తి కట్టుకోని పంచె అంచు
గచ్చు మీద ఈడ్చుకుపోతున్నట్టు
మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా
ప్రతి స్వరం వెనకాలా ఒక జర్రు.

"తీగలు మార్చెయ్" అన్నాడు నతానియేలు.
కీబోర్డు వాడికి తీగల బాధేం తెలుసు.
"గట్టిగా నొక్కట్లేదు నువ్వు" అంది సలోమి.
వారమంతా రిఫాలో ఎవరిదో ఇల్లు కడిగి
శుక్రవారం పాడటానికొచ్చే మనిషి,
ఆమె మాట కొట్టెయ్యలేను.
గట్టిగా నొక్కాను.
వేళ్లు నొచ్చాయి, జర్రు పోలేదు.

గురువారం రాత్రి గ్యారేజీ నుంచి
ఫీలర్ గేజ్ జేబులో వేసుకొచ్చాను.
ఫోర్‌మన్ బషీర్ చూశాడు,
చూడనట్టు లైట్లు ఆర్పాడు.

మొదటి మెట్టు మీద వేలు,
చివరి మెట్టు మీద మోచెయ్యి,
నడుమ ఏడో మెట్టు దగ్గర తీగ కిందికి రేకు.
పదిహేను దూరలేదు.
పది దూరలేదు.
ఉల్లిపొరలాంటి ఐదు, అదీ మడత పడిందే గాని
దూరలేదు.

మెడ బిగుసుకుపోయింది.
ఏసీకి ఎండి ఎండి వెనక్కి విరుచుకుంది,
ఓవర్‌టైం కాగితం చాపితే మా సూపర్‌వైజర్ నిలబడ్డట్టు.
రోజూ టాపెట్లు సర్దేవాణ్ని,
నాకు ముందే తట్టాల్సింది.
సందివ్వకుండా బిగించిన వాల్వు
నాలుగు రోజులు బాగానే తిరిగి
ఐదో రోజు మాడుతుంది.

ఈ చెక్క లోపల ఒక ఇనప కడ్డీ ఉంది.
నలభై దినార్లకి దీన్ని నా చేతిలో పెట్టి
మనీలా విమానం ఎక్కేముందు రోడెల్ చెప్పాడు:
"పావు చుట్టు. ఆపైన ముట్టుకోకు, పడుకో."
చెక్క ఇనుములాంటిది కాదట,
చెప్పింది రాత్రంతా ఆలోచించుకుని
తెల్లారి వింటుందట.

ఎలన్ కీ పెట్టి, ఎడమకి, పావు చుట్టు.
కిర్రుమంది.
లారీ ఇంజన్ల హెడ్డు బోల్టులు ఊడబీకిన చెయ్యి
అప్పుడు వణికింది.
పడుకున్నాను. నిద్రన్నది వేరే సంగతి.

తెల్లవారుజామున రేకు దూరింది.
ముప్పై.
ఎగ్జాస్ట్ వాల్వుకిచ్చే సందు, సరిగ్గా అంతే.
బ్రిడ్జి మీద చిన్న స్క్రూ ఒకటి అర చుట్టు లేపి
గిటారు కొమ్ముకి దవడ ఆనించి మీటాను,
నైట్ షిఫ్టు నుంచొచ్చి పడుకున్న లింగమూర్తికి వినపడకుండా
నా ఎముకకి మాత్రం వినపడేలా.
ఒకటి, శుభ్రం.
రెండు, కడిగిన గిన్నె.
మూడు
జర్ర్.

మొబైల్ లైటు వేసి చూశాను.
మూడో మెట్టు లోహం మీద గుంట,
గోరు పట్టేంత.
రోడెల్‌ది.
జుఫైర్ హోటల్లో తొమ్మిదేళ్లు, రాత్రి పది నుంచి రెండు దాకా,
ఎవరెవరి పాటల కిందో
ఈ ఒక్క చోటే నిలబడ్డాడన్నమాట.
ఆకురాయితో దించొచ్చు.
టూల్ బాక్సులో ఉంది కూడా.
తియ్యలేదు.

శుక్రవారం, మనామాలో హాలు.
సలోమి గొంతు పట్టేసింది,
క్లోరెక్స్ వాసన మూడు హమ్మాములు వరసగా.
"ఒక మెట్టు కిందికి దించండి, పైకి పోలేను" అంది.
నతానియేలు బటన్ నొక్కాడు, వాడికంతే.
నా వేలు మూడో మెట్టు వదిలి రెండో మెట్టుకొచ్చింది.

పాటంతా ఆ గుంట జోలికి పోలేదు.
కింద తీగ నున్నగా,
పైన ఆమె గొంతులో జీర.
దానికి ఎవరూ ఏమీ చెయ్యలేదు.
మూడో చరణంలో అదే బావుందనిపించింది,
పైకి అనలేదు.

రేపు పొద్దున్నే బషీర్ రాకముందు
గేజ్ దాని చోట పెట్టెయ్యాలి,
ఐదో నంబరు రేకు మడత సాపు చేసి,
కాస్త చమురు రాసి.