మొదటి ప్రశ్న

హెడ్‌సెట్ చెవులకు తగిలించుకోగానే
నేను అడగాల్సిన మొదటి మాట
ఎవరో రాసి పెట్టారు.
పేరు కాదు, ఊరు కాదు, ఏమైందని కూడా కాదు.
"ఊపిరి ఆడుతోందా?"

వేక్‌ఫీల్డ్‌లో, మోటారువే పక్కన,
కిటికీలు తెరుచుకోని గదిలో
రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా
నేనడిగేది ఇదే.
బాత్‌రూములో జారిపడ్డ తల్లి గురించి,
పబ్బు బయట కూలబడ్డ కుర్రాడి గురించి,
నీలంగా మారుతున్న పసిగుడ్డు గురించి.
అవతల ఎవరో ఏడుస్తుంటారు.
నేను లెక్కపెడుతుంటాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అంబులెన్సు చేరుతుంది. లైను తెగుతుంది.
ఆ మనిషి బతికిందీ లేనిదీ
నాకెవరూ చెప్పరు.
ఎర్ర దీపం. మరో గొంతు.
"ఊపిరి ఆడుతోందా?"

ఎలా ఉందే ఉద్యోగం, అని చెల్లెలు అడిగితే
ఊపిరి సలపడం లేదనేదాన్ని.
అది మాటవరసకేనని ఇద్దరం అనుకున్నాం,
జనవరి దాకా.

జనవరిలో ఒక రాత్రి
ఒక ముసలాయన భార్యను వంటింటి నేల మీద పడుకోబెట్టి
నేను చెప్పిన లెక్కకి ఛాతీ నొక్కాడు, పదకొండు నిమిషాలు.
మధ్యలో ఆగి నాతో "థాంక్యూ, లవ్" అన్నాడు.
ఫోన్ పెట్టేశాక
గాలి నా గొంతు దాకా వచ్చి
చెప్పులు విడవని చుట్టంలా
గుమ్మంలోనే నిలబడిపోయింది.

పక్క కుర్చీలో మొరీన్ హెప్‌వర్త్,
అరవై రెండేళ్ళు, సంచిలో ఊలు, సొరుగులో అల్లం బిస్కెట్లు,
తన హెడ్‌సెట్ తీసి నావైపు తిరిగి
మా ఇద్దరి స్క్రీన్ల మీదా ఉన్న వాక్యమే అడిగింది.
నాలుగేళ్ళలో నన్నెవరూ అడగని వాక్యం.

మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది.
ధ్యానం అనలేదు, యోగా అనలేదు.
(నా రంగు చూసి ఇక్కడ అందరూ నన్నే నేర్పమంటారు.
పద్మాసనం వేస్తే నాకు మోకాలు పట్టేస్తుంది.)
"మా నాన్న బొగ్గు గనిలో చేశాడు" అంది.
"చివర్లో ఆయనకి గాలి లోపలికి పోయేది, బయటికొచ్చేది కాదు.
నర్సు ఏం చెప్పిందంటే, పీల్చడం సంగతి వదిలెయ్, ముందు ఖాళీ చెయ్.
పెదాలు సున్నా చుట్టు.
ఎదురుగా కొవ్వొత్తి ఉందనుకో. ఆర్పకు. వణికించు."

సున్నా చుట్టాను.
పొగలు కక్కే పాలగ్లాసు మీద ఊదినట్టు,
చీరుకుపోయిన మోకాలి మీద ఎవరో ఊదినట్టు
ఉఫ్‌ఫ్‌ఫ్...
మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి ఏడుపొచ్చింది.
మూడోసారి, ఇంత పొడుగు నిట్టూర్పు.
చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.
మా ఇంట్లో నిట్టూరిస్తే కసిరేవాళ్ళు,
ఏ కొంపలు మునిగాయని, లక్ష్మి లేచిపోతుందని.
ఎన్నేళ్ళ నిట్టూర్పులు మింగానో
ఆ మెట్ల మీద కూర్చుని లెక్కేస్తుంటే
మొరీన్ బిస్కెట్ విరిచి పెద్దముక్క నాకిచ్చింది.

ఇది మంత్రం కాదు.
షిఫ్టులు తగ్గలేదు.
మానేసిన ఇద్దరి కుర్చీలూ అలాగే ఉన్నాయి.
ఇంకా ఎందరు లైన్లో ఆగి ఉన్నారో
గోడ మీది అంకె చెబుతూనే ఉంటుంది.
మేనేజరు గ్రెగ్ "శ్వాస వారోత్సవం" పోస్టరు అంటించి
దాని కిందే ఓవర్‌టైమ్ కాగితం గుచ్చాడు.
ఎంత ఊదినా ఆ కాగితం ఎగరదు.

కానీ కాల్‌కీ కాల్‌కీ నడుమ
ఎర్ర దీపం వెలిగే ముందు
ఒక సన్నని సందు ఉంది,
మూడు సెకన్లు, ఒక్కోసారి రెండే.
అందులో పెదాలు సున్నా చుడతాను.
కనపడని కొవ్వొత్తి వణుకుతుంది. ఆరదు.

ఇవాళ ఏడూ పదికి, బస్టాపులో, చలికి
నా ఊపిరి నా ముందే తెల్లగా నిలబడింది.
ఎవరూ రాసివ్వకుండానే అడిగాను.
అది కాసేపు గాలిలో ఆడి
బస్సు దీపాల వెలుగులో కలిసిపోయింది.