మూడో సీసా

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో
కల్లుకి నంబరు పెట్టాను,
నాలుక పెట్టలేదు.

ఒక్కో దుకాణం దగ్గర మూడు సీసాలు నింపేవాణ్ణి.
ఒకటి ల్యాబుకి, ఒకటి కోర్టుకి,
ఒకటి ఎవడి కల్లు వాడికే.
మూతి మీద ఎర్ర లక్క, లక్క మీద ముద్ర,
ముద్ర పక్కన తోక లేని నా సంతకం.
ముక్కుకి రుమాలు కట్టుకునేవాణ్ణి.
అయినా మా ఇంటావిడకి తెలిసిపోయేది,
స్నానం అయ్యేదాకా వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

రిటైరైన ఏడాది, మాఘం చివర,
చేతిసంచిలో స్టీలు గ్లాసు పెట్టుకుని బయల్దేరాను.
ఎక్కడికంటే కోటిపల్లి అన్నాను.
గుడికనుకుంది. అనుకోనిచ్చాను.

రేవు దాటాక, గౌతమి లంకలో మొదటి గుక్క.
నా గ్లాసు చూసి నవ్వారు.
తాటాకు దొప్ప మడిచి చేతికిచ్చి
"చీమల్ని ఊదుకోండి, ఆటికీ తెలుసు ఏది మంచిదో" అన్నారు.
తియ్యన. పంచదార తియ్యన కాదు,
వరద తీసిన మర్నాడు ఒండ్రు మీద ఎండ పడితే వచ్చే
ఆ వాసనకి రుచి ఉంటే, అది.
నురగ ముక్కులోంచి వచ్చింది.
అరవై నిండినవాణ్ణి, దగ్గి దగ్గి నవ్వాను.

వైనతేయ ఒడ్డున కొత్తగా కట్టిన కొట్టు.
ఫ్రిజ్జులో సీసాలు, సీసాల మీద తాటిచెట్టు బొమ్మ.
"అల్లం ఉంది, పైనాపిల్ ఉంది, ఏది సార్?"
తాటిది లేదా అన్నాను.
కుర్రాడు ఫోనులోంచి తలెత్తి జాలిగా చూశాడు.
దాని గురించి ఇంతకన్నా రాయను.

అంతర్వేది దారిలో,
సముద్రం వినపడుతూ కనపడని చోట
గుబ్బల తాతబ్బాయి తోపు.
రొమ్ము మీద మోకు ఒరుసుకుని కాయ కాచిన నలుపు.
చెట్టు దిగుతూనే పోల్చేశాడు:
"సీసాల బాబుగారు! మళ్ళీ ఏటండి?"
ఈసారి తాగడానికి, అన్నాను.
నమ్మడానికి అతనికి చుట్ట కాలేంత సేపు పట్టింది.

చెట్లకి పేర్లు పెట్టుకున్నాడు.
కాలవ గట్టుది పెద్దకోడలు:
నిదానంగా దిగుతుంది, చివర్లో కాస్త వగరు,
ఒక మాట మిగుల్చుకున్నట్టు.
ఇసకదిబ్బ మీది అప్పులోడు:
రోజుకి రెండు గిద్దలిస్తాడు, పొద్దెక్కితే అదీ పులుపే.
మధ్యమధ్య మెత్తళ్ళ వేపుడు,
నాలుక కడుక్కోడానికట.
ఆఖర్న మూగదాని ముంత వంచి, ఏమీ చెప్పలేదు.
ఉప్పన.
చెమట పట్టిన పెదవి నాకినట్టు.
"దీని మొదట్లో రొయ్యల చెరువు తవ్వారండి, ఆరేళ్ళయింది.
అంతకుముందు పెళ్ళికల్లంటే దీనిదేనండి."

నా ఫారంలో పదకొండు గడులు.
మత్తుమందు కలిసిందా, ఎంత శాతం, నురగ రంగేమిటి.
చెట్టు ఏ నీళ్ళు తాగింది అన్న గడి లేదు.

లేవబోతుంటే ఆగమన్నాడు.
చూరులో చెయ్యి పెట్టి, బూజుతో సహా, ఒక సీసా తీశాడు.
లక్క సగం రాలింది. సంతకం నాదే.
పద్దెనిమిదేళ్ళ కిందటిది.
కేసు కొట్టేశారు; ఈలోగా పదమూడు నెలలు దుకాణం తెరవలేదు.
"మంచి కల్లేనని తేలిందండి" అన్నాడు.
గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.
"మరి తాగలేదేం?"
"సీలు ఏసినోళ్ళే తియ్యాలి కదండి."

గోరుతో లక్క గీకాను. బిరడా ముక్కలై వచ్చింది.
పదునైన పులుపు, అడుగున తెల్లటి మడ్డి.
అతను ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాకాడు,
కళ్ళు మూసుకున్నాడు,
చాలాసేపు,
"పెద్దకోడలే" అన్నాడు.

నేనూ చెయ్యి చాపాను.