ఊరి పేరు

ముందు వెనక్కి తిప్పి చూడు.
బొమ్మ చూసి మురిసేవాడే మునుగుతాడని
చెంగల్వరాయుడు మామ మొదటిరోజే చెప్పాడు,
మింట్ స్ట్రీట్ మేడమీద,
కింది కొట్లోంచి జిలేబీ పాకం వాసన
మెట్లెక్కి వస్తుంటే.

వెనక పాత జిగురు మరక,
ఎవరిదో పెన్సిలు గీత,
కాగితంలో ఇంకా నలగని పీచు.
నూట డెబ్బై ఏళ్ళ నాటిది. మెక్సికో.
నేనా, మదరాసు దాటి తిరుత్తణి దాకా వెళ్ళినదాన్ని.

ఇక ఈ వైపు.
బట్టతల పాదిరీ, చెవుల పక్కన తెల్లజుట్టు.
అర రెయాల్ అయితే నీలం, ఒకటైతే పసుపు,
రెండైతే పచ్చ. ఇది పచ్చ.
చుట్టూ చిల్లులు లేని కాలం,
కత్తెర ఎటు పోతే అటే అంచు.
తొందరలో ఏ గుమాస్తానో
పాదిరీ భుజం కాస్త తరిగేశాడు.
మంచిదే.
నాలుగు పక్కలా కొలిచినట్టు వస్తే
నాకు అక్కడే అనుమానం.

లోహం మీద చెక్కి తీసిన అచ్చుకి గీత లేచి ఉంటుంది.
కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే
వెంట్రుకంత నీడ పడుతుంది.
రాతి మీద తీసిన దొంగ అచ్చు చదును,
దయ్యంలాగా, నీడుండదు.
ఇరవైరెండేళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళు నావి.
ఒత్తు జారితే నిద్రలో ఉలిక్కిపడి లేచేదాన్ని.
ప్రెస్సు మూతపడ్డాక
ఆ ఉలికిపాటుని మామ జీతానికి పెట్టుకున్నాడు.

పోయిన శనివారం
పెరంబూరు నుంచి ధనంజయన్ అని ఒకాయన.
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రిటైరు.
శుభలేఖ కవర్లో పెట్టి తెచ్చాడు
గ్రాట్యుటీలోంచి నలభైవేలు తీసి కొన్న బిళ్ళ.
పక్కన నిలువుగా నల్లటి అక్షరాలు: చాల్కో.
చిన్న ఊరు, అరుదుగా దొరుకుతుంది, అందుకే ఆ ధర.

ఆ రోజుల్లో తపాలా బళ్ళని దారికాచి కొట్టేవాళ్ళట.
అందుకని బిళ్ళలు ఊరు చేరాకే
ఊరి పేరు గుద్దేవాళ్ళు.
పేరు పడని బిళ్ళ
దొంగ చేతిలో చిత్తు కాగితం.

నీడ పడింది. కాగితం సరే. రంగు సరే.
ఉత్తరం మీద కొట్టిన గుండ్రటి ముద్ర,
అదీ నిజమే.
భూతద్దం ఇంకాస్త దించాను.
ముద్ర కింద ఉండాల్సిన అక్షరం
ముద్ర నెత్తినెక్కి కూర్చుంది.
ఉత్తరం వెళ్ళిపోయాక
ఊరు పుట్టింది.

చెప్పడానికి నోరు రాలేదు.
భూతద్దం ఆయన వైపు జరిపాను.
చాలాసేపు చూశాడు.
కింద వాటర్ లారీ హారను ఆగి, మళ్ళీ మోగింది.
"అప్పుడిది ఏ ఊరిదమ్మా?" అన్నాడు అరవంలో.

పెళ్ళిళ్ళలో నన్నూ అడుగుతారు,
నెల్లూరా, చిత్తూరా అని.
చింతాద్రిపేట అంటే నవ్వి
అది కాదమ్మా, అసలు ఊరు అంటారు.
మా ముత్తాత ఏ బండి దిగాడో
మా ఇంట్లో ఎవరికీ తెలియదు.
విసుగెత్తి ఒకసారి గూడూరు అనేశాను.
బాగానే చెల్లింది.
అక్కడ ఏ వీధి అని కూడా ఎవరూ అడగలేదు.

"ఏ ఊరూ లేదండి" అన్నాను.
"బిళ్ళ మాత్రం అసలుదే."
ఆయన దాన్ని మళ్ళీ శుభలేఖ కవర్లోకి జారవిడిచి,
చూసినందుకు ఎంతని అడిగి,
నేను వద్దంటున్నా యాభై బల్లమీద పెట్టి,
మూడు మెట్లు దిగి ఆగాడు.

ఆ పేరు చెరిపేయొచ్చా?

చెరిపితే కాగితం లేస్తుందండి, అన్నాను.