ఇంకా పదమూడు వందల నలభై

రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి
వంటింటి బల్ల మీద
నా జీతం చీటీలు పేకముక్కల్లా పరిచి
తాత కూర్చుని ఉన్నాడు.
ఏప్రిల్ నుంచి ఆరు నెలలవి.
చెవి వెనక పెన్సిలు.
తగరపు రేకుల మిల్లులో ముప్ఫయ్యొక్క ఏళ్లు
ఆ చెవినే అంటిపెట్టుకున్న పెన్సిలు.

"వృద్ధుల హోంలో ఏడాదికి ఇరవై రెండు వేల నాలుగువందల పది.
శని ఆదివారాలు బేకరీలో అయిదు వేల రెండువందల యాభై.
ఇంకెంత కావాలిట వాళ్లకి?"

ఇరవై తొమ్మిది వేలు, తాతా.
అంత సంపాదిస్తేనే
నా మొగుడు ఈ దేశంలో నా మొగుడవుతాడు.

తేమూర్ బటూమిలో ఉన్నాడు,
నల్లసముద్రం ఒడ్డున, మాకంటే నాలుగు గంటలు ముందు.
నేనిక్కడ పళ్లు తోముకుంటుంటే
అతనక్కడ ఫోను ఉప్పుడబ్బాకి ఆనించి
మధ్యాహ్నం అన్నం తింటుంటాడు.
లానెల్లిలో వాన.
అక్కడా వానేనట.
తడిసిన దుప్పటి చెరో కొసా పట్టుకుని
పిండడానికి నిలబడ్డట్టు, పంతొమ్మిది నెలలుగా.

దారానికి గుచ్చి వసారాలో వేలాడదీసిన
పెర్సిమన్ పళ్లు చూపించాడు మొన్న.
నిరుడూ చూపించాడు.
నిరుటివి ఏం చేశావని అడిగితే
తినేశానన్నాడు, ఒక్కణ్ణే.

"మీ తరానికి ఓర్పు లేదు నెరిస్," అంటాడు తాత.
"ఇరవై మూడేళ్లకి కొన్నాను ఈ ఇల్లు.
మూడు వేల రెండువందలు. ఒక్క జీతం మీద.
మీరేమో చేతిలో కాగితం కప్పు లేందే వీధి దాటరు.
ఆ కాఫీలు మానితే..."

మానితే ఆ మిల్లు మళ్లీ తెరుస్తారా?
నీ గోడకి గోడ ఆనుకున్న పక్కిల్లు
లక్షా నలభై వేలు, తెలుసా?
అరుద్దామనుకున్నాను.
నిద్ర లేని గొంతు, అరుపు సగంలోనే చిరిగింది.

అమ్మ కెటిల్ పెట్టింది.
అప్పు కట్టలేక ఇల్లు బ్యాంకుకి అప్పజెప్పి
తండ్రి ఇంటికి తిరిగొచ్చిన మనిషి.
ఈ వాదనలో ఎటూ మాట్లాడదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు.
చేసుకున్నాక ఎదురు చూడు అని
ఎవరూ అన్న పాపాన పోలేదు.

తాత లేచి మేడ మీదికి వెళ్లాడు.
ఒక్కో మెట్టుకీ ఒక్కో మోకాలి మూలుగు.
బిస్కెట్ల డబ్బాతో దిగాడు.
రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు, పద్దెనిమిది వందలు.
"నా శవపేటికకి దాచింది. ఆ తేడా పూడ్చెయ్యి."

చెల్లదు తాతా.
ఎవరో ఇచ్చింది జీతం కిందికి రాదు.
దాచిన సొమ్మంటావా,
పదహారు వేలు దాటేదాకా వాళ్ల కంటికి ఆనదు.

మూత పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"అసుంతా వచ్చినప్పుడు," అన్నాడు.
మామ్మ పోయి తొమ్మిదేళ్లు.
ఆ పేరు పగటిపూట పలకడు.
"బార్డి నుంచి వచ్చింది, వాళ్ల చిన్నాన్న కాఫీ హోటల్లో పనికి.
రిజిస్ట్రారు నా పేరడిగాడు, దాని పేరడిగాడు.
జీతం అడగలేదు.
అడిగితే ఏం చెప్పేవాణ్ణి,
ఆ నెలంతా సమ్మెలో ఉన్నాం."

కాసేపు ఎవరూ కదల్లేదు.
కెటిల్ ఒక్కటే గొణిగింది.

"ఆ హోటల్లో రోజుకెన్ని కాఫీలు తాగేవాడివి?"

"అది వేరు," అన్నాడు.

"నాలుగు," అంది అమ్మ, ఇటు తిరక్కుండానే.
"మామ్మ చెప్పేది. నాలుగూ అప్పుకే."

తాత పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు,
కొస నాలిక మీద తడి చేసుకుని
మళ్లీ ఏప్రిల్ చీటీ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు,
కూడికేమైనా మారుతుందేమోనని.